నూటికి అర్ధ రూపాయి, నూటికి అయిదు

గోదావరిఖనిలో సింగరేణి బొగ్గుగనుల క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి ఇన్‌కం టాక్స్ అంటే బాపు జీతం చీటీలో ఒక కోత. మస్టర్ పడితే జీతం, జీతంలోంచి టాక్స్, ఏడాది ముగిశాక ఫారం 16. ఆ ఫారం పట్టుకెళ్తే లక్ష్మీనగర్‌లో ఎవరో ఒకాయన రిటర్న్ నింపిపెట్టేవాడు. కోతను మాఫీ చెయ్యమని యూనియన్లు అడగడం వింటూ పెరిగాం గానీ, తారీఖు గుర్తుపెట్టుకోవాల్సిన పని మనకి పడలేదు. అమెరికాలో దిగాక పడుతుంది. ఆ తారీఖు ఏప్రిల్ 15.

ఇక్కడ లెక్క జనవరి నుంచి డిసెంబర్. జనవరి నెలాఖరుకి కంపెనీ మన ఫారం 16 లాంటి డబ్ల్యూ-2 ఇస్తుంది. ఏప్రిల్ 15కి కాగితాలు సిద్ధం కాకపోతే ఫారం 4868 పంపండి, అక్టోబర్ 15 దాకా టైమిస్తారు. ఆ టైము కాగితాలకే. డబ్బు మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి. మనవాళ్ళు ఎక్కువమంది జారేది ఇక్కడే.

చేతిలో డబ్బు లేదు, రిటర్న్ పంపితే దొరికిపోతాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటారు. మనూరి వడ్డీ భాషలో చెప్తా వినండి. రిటర్న్ వేళకి పంపి డబ్బు బాకీ పెడితే జరిమానా నెలకి నూటికి అర్ధ రూపాయి. రిటర్నే పంపకపోతే నూటికి అయిదు రూపాయలు, అలా పెరిగి 25 శాతం దాకా పోతుంది. మూడు వేల డాలర్ల బాకీ మీద నెలకి ఒకటి 15 డాలర్లు, రెండోది 150. అసలు వడ్డీ రెండిటికీ వేరే. గోదావరిఖనిలో ఏటీఎం కార్డు తాకట్టు పెట్టించుకుని అప్పిచ్చేవాళ్ళని చూసినవాళ్ళం, అయిదు రూపాయల వడ్డీ అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? జేబులో పైసా లేకపోయినా రిటర్న్ పంపెయ్యండి.

ఆ తర్వాత ఇక్కడి టాక్స్ శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లోకి వెళ్ళి వాయిదాలు అడగొచ్చు. 180 రోజుల్లో తీర్చేస్తామంటే ఒక పద్ధతి, 50 వేల డాలర్ల లోపు బాకీకి నెలనెలా కట్టే పద్ధతి ఇంకొకటి. రిటర్న్ వేళకి పంపి వాయిదాలు ఒప్పించుకుంటే ఆ అర్ధ రూపాయి పావలా అవుతుంది. మన డ్వాక్రా అక్కలకిచ్చిన పావలా వడ్డీయే అనుకోండి.

నా తప్పు కూడా చెప్పాలి. చదువుకునే రోజుల్లో రూమ్మేట్ చూపించిన సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్ల ఫారం 1040 నింపి, చదువు క్రెడిట్ కింద వెయ్యి డాలర్లు వెనక్కి తెచ్చుకున్నాను. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మొదటి అయిదు క్యాలెండర్ ఏళ్ళూ మామూలుగా నింపాల్సింది 1040-ఎన్ఆర్, దాంతోపాటు ఫారం 8843. ఆ క్రెడిట్ మనది కాదు. ఏడాది దాటాక ఐఆర్ఎస్ నుంచి కవరొచ్చింది. చించకుండా మూడు వారాలు మైక్రోవేవ్ కింద పెట్టాను, అక్కడుంటే మాయమవుతుందన్నట్టు. చించి చూస్తే అందులో ఉన్నది ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, ఒప్పుకోకపోతే ఎలా చెప్పాలి, అంతే. తప్పు మనంతట మనకే తెలిస్తే 1040-ఎక్స్‌తో దిద్దుకోవచ్చు.

ఐఆర్ఎస్ ముందు పోస్టులోనే రాస్తుంది. ఫోన్‌లో అరెస్టని బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమనేవాడు దొంగ. 2016లో ముంబై పక్కన మీరా రోడ్‌లో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్లు చేసింది ఈ పనే.

సింగరేణి పిల్లలకి ప్రత్యేకంగా ఇంకోటుంది. బాపు రిటైరయ్యాక గ్రాట్యుటీ, బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్ (సీఎంపీఎఫ్) పడే ఖాతాలో చాలా ఇళ్ళల్లో కొడుకు పేరో బిడ్డ పేరో కలిపి రాయిస్తారు. మీరు హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారి, రోజుల లెక్కన టాక్స్‌కి రెసిడెంట్ అయిన ఏడాది నుంచి, ఇండియాలో మీ పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా విదేశీ ఖాతాల లెక్క చెప్పే ఎఫ్‌బార్ ఆన్‌లైన్లో పంపాలి. ఖాతాలో డబ్బు బాపుదే అయినా సరే. దాంతో పన్నేమీ పడదు, లెక్క చెప్పడమే. మరిచిపోతే మాత్రం జరిమానా చిన్నది కాదు.

ఈ మాట చెప్తే మా బాపు కోపానికొచ్చాడు. "నా పైసలతోని వాళ్ళకేం పని రా?"

"పని లేదు బాపూ, పక్కన నా పేరుంది గదా."

ఇప్పుడు జనవరి రాగానే పాస్‌బుక్ ఫోటోలు వాట్సాప్‌లో పంపుతాడు, అన్నిటికన్నా పెద్ద అంకె కింద ఎర్ర పెన్నుతో గీత గీసి.