డెబ్బై పైసల వడ్డీ, మూడున్నర రూపాయల వడ్డీ

చి. మేనల్లుడికి,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంటి లోను ఈఎంఐ కోసం క్రెడిట్ కార్డు మీద డబ్బు తీస్తున్నావనీ, ఆ బిల్లు కట్టడానికి ఇంకో కార్డు తీసుకున్నావనీ చెప్పి బాధపడింది. బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చుని రిటైరైన మామయ్య పక్కనే పంజాగుట్టలో ఉన్నా అడగడానికి మొహమాటపడ్డావు. అందుకే నేనే రాస్తున్నాను.

అమీర్‌పేటలో నీలాంటివాళ్ల సంపాదన తీరే అంత. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో పాఠాలు చెప్పేవాళ్లకి బ్యాచ్ నిండితే ఆ నెల నిశ్చింత, నిండకపోతే అరకొర. 2020 లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ అయి, కోర్సులు ఆన్‌లైన్‌కి వెళ్లినప్పుడు అందరికీ అది బాగా తెలిసొచ్చింది. ఆదాయం ఎగుడుదిగుడు, ఈఎంఐ మాత్రం నెలనెలా అదే తేదీకి. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా ఆర్‌బీఐ వాయిదాలకి విరామం (మారటోరియం) ఇస్తే చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఆర్నెల్ల వడ్డీ బాకీలో కలిసి గడువు పెరిగిందని స్టేట్‌మెంట్ చూశాకే తెలిసింది.

ఇల్లు కొన్నవాళ్లకి రెండో అప్పు మొదటి రోజే ఎలా పుడుతుందో చూడు. 60 లక్షల ఫ్లాటు అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఇంటి లోనుకి ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదన్నది ఆర్‌బీఐ నియమం. అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. దానిపైన తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. ఈ ఖర్చుని బ్యాంకు ఆస్తి విలువలో కలపదు. పదహారున్నర లక్షలు రొక్కంగా ఉన్న ఇళ్లు ఎన్ని? పర్సనల్ లోను, పీఎఫ్, చిట్టీ, అమ్మ బంగారం అన్నీ అక్కడే మొదలవుతాయి. ఇల్లు చూపించినవాళ్లెవరూ ఈ లెక్క ముందు చెప్పరు.

ఆపైన వడ్డీ పెరిగింది. ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటు 2022 మే దాకా 4 శాతం ఉండేది, 2023 ఫిబ్రవరి నాటికి 6.5కి చేరింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ లోన్లు బయటి రేటుతో, ఎక్కువగా ఈ రెపోతోనే, ముడిపడ్డాయి కాబట్టి పెరిగినదంతా వాటి మీద పడింది. 2021లో 6.75 శాతానికి 20 ఏళ్లకి తీసుకున్న ఆ 48 లక్షల లోనుకి ఈఎంఐ సుమారు 36,500. రెండున్నర శాతం పెరిగేసరికి, అప్పటికి మిగిలిన దాదాపు 46 లక్షల బాకీ మీద నెల వడ్డీయే 35,500 దాకా వస్తుంది. అంటే అసలుకి జమయ్యేది వెయ్యి రూపాయలు. ఈఎంఐ మార్చకుండా అలాగే కట్టుకుంటూ పోతే ఆ అప్పు తీరడానికి ఇంకా 38 ఏళ్లు పైనే పడుతుంది! లోన్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ గడి, అసలు గడి పక్కపక్కనే ఉంటాయి. ఒక్కసారి ఆ రెండూ కలిపి చూడు.

ఇక్కడే నీకు పనికొచ్చే సంగతి ఉంది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా, లేక కొంత మొత్తం ముందే కట్టాలా అని ఖాతాదారుణ్ణి అడగాలని 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. ఫిక్స్‌డ్ రేటుకి మారే అవకాశం కూడా చూపాలంది. అడగకుండానే గడువు సాగదీసి ఉంటే, బ్రాంచికి రాతపూర్వకంగా రాసే హక్కు నీకుంది. 2025లో రెపో ఫిబ్రవరి నుంచి జూన్ లోపలే ఒక శాతం తగ్గి 5.5కి వచ్చింది. ఆ తగ్గుదల నీ లోనులో కనపడుతోందా? కనపడకపోతే, కొత్తవాళ్లకి ఇస్తున్న రేటు నాకెందుకు లేదని అడుగు. చిన్న ఫీజు తీసుకుని తగ్గించే బ్యాంకులున్నాయి. కాదంటే వేరే బ్యాంకుకి మార్చుకో. ఇంటి కోసం వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ లోనుకి ముందే కట్టేసినందుకు జరిమానా వెయ్యకూడదు.

ఇప్పుడు అసలు మాట. బ్యాంకులవాళ్లు ఏడాదికి ఇంత శాతం అంటారు, కార్డులవాళ్లు నెలకి ఇంత అంటారు. మన ఊళ్లో లాగా నూటికి నెలకి ఎంత అని లెక్క కట్టు. 8.5 శాతం ఇంటి లోను అంటే డెబ్బై పైసల వడ్డీ. బంగారం లోను 9 నుంచి 12 మధ్య దొరికితే ముప్పావలా నుంచి రూపాయి. చాలా క్రెడిట్ కార్డులు మూడు నుంచి మూడున్నర రూపాయల వడ్డీ! మీ తాతగారి కాలంలో మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడి గుమ్మం తొక్కడానికి జనం భయపడేవాళ్లు. కార్డు మీద లక్ష బాకీ ఉండి నువ్వు 5,000 కడితే 3,500 వడ్డీకి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 630కి పోయి, అసలుకి చేరేది 870. నగదుగా తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు. డెబ్బై పైసల బాకీ తీర్చడానికి మూడున్నర రూపాయలకి అప్పు తెస్తున్నావు. ఈ నెల నుంచే అది ఆపు.

తిరగేసి చేస్తే మటుకు లాభం. పంజాగుట్ట నుంచి సోమాజిగూడ దాకా నగల కొట్లే కదా, ఆ నగలు బీరువాలో పడి ఉన్న ఇళ్లు మనవి కూడా. రూపాయి వడ్డీకి బంగారం పెట్టి మూడున్నర రూపాయల కార్డుని పూర్తిగా మూసెయ్యడం తప్పు కాదు. అయితే మూసిన రోజే కార్డు రద్దుకి రాసివ్వాలి. లేకపోతే ఆర్నెల్లలో రెండు అప్పులూ మిగులుతాయి. చిట్టీ ఉంటే తొందరపడి పాడకు. పాటలో ఎంత తగ్గితే అంతా వడ్డీయే.

అప్పు తీర్చడానికి అప్పు చేస్తే ఎక్కడికి పోతుందో మన ఊరికి బాగా తెలుసు. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దూరంలోని బేగంపేటలోనే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ప్రధాన కార్యాలయం ఉండేది. పల్లెల్లో ఒకే ఆడమనిషికి అలాంటి రెండు మూడు చిన్న రుణాల కంపెనీలు అప్పులిచ్చి, ఒకరి వాయిదా ఇంకొకరి డబ్బుతో కట్టించుకున్నాయి. ఆత్మహత్యల వార్తలు వరసకట్టాక 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, లోన్ యాప్‌ల వేధింపులకి తెలంగాణలో మళ్లీ ప్రాణాలు పోయాయి. ఫోన్లోని కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పంపి పరువు తీసేవాళ్లు. పోలీసులు అరెస్టులు చేశారు, ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకి నియమాలు పెట్టింది. అయినా అలాంటి యాప్ నీ ఫోన్లో ఉంటే తీసెయ్. మైక్రోఫైనాన్స్ చిన్న రుణాల విషయంలో 2022 నుంచి ఇంకో గీత కూడా ఉంది: కుటుంబ ఆదాయంలో సగానికి మించి వాయిదాలకి పోకూడదు. మధ్యతరగతి ఇంటి లోనుకి ఆ గీతని ఎవరూ గీయలేదు. నీ చేత్తో నువ్వే గీసుకోవాలి.

గడువుల సంగతి. ఒక ఈఎంఐ తప్పిన దగ్గర్నుంచి బ్యాంకు కంప్యూటర్‌లో నీ ఖాతా మీద గుర్తు పడుతుంది. 90 రోజులు దాటితే అది ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అప్పుడు 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. దానికి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత స్వాధీన ప్రకటన. తలుపుకి అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషది. ఆ ప్రకటనలు చూసే ఉంటావు: పేరు, బాకీ మొత్తం, ఫ్లాటు నంబరు, ఏ అంతస్తు, అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు. ఆ స్వాధీనం మీద 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి (డీఆర్‌టీ) వెళ్లొచ్చు. కానీ వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఉండదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి మేనేజరు దగ్గరికి వెళ్లాల్సింది మొదటి ఈఎంఐ తప్పకముందే. అప్పుడైతే గడువు పెంచడం, తేదీ మార్చడం లాంటివి బ్రాంచిలోనే మాట్లాడుకోవచ్చు. ఎన్‌పీఏ అయ్యాక ఫైలు రికవరీ విభాగానికి పోతుంది, అక్కడ మాటకి చోటు తక్కువ. ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక రికవరీవాళ్లు ఫోన్ చెయ్యకూడదు. చేస్తే తేదీ, సమయం రాసిపెట్టు. బ్యాంకుకి ఫిర్యాదిచ్చి 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు, సలహా కావాలంటే 14448కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇంకొకటి, కష్టంగా ఉన్నా రాయాలి. అన్నీ సర్దాక కూడా వాయిదాలు ఆదాయంలో సగం దాటుతుంటే ఫ్లాటు అమ్మెయ్. తాకట్టులో ఉన్నా బ్యాంకు అనుమతితో అమ్మొచ్చు, కొనేవాళ్ల బ్యాంకు నీ బాకీ తీర్చి మిగతాది నీకిస్తుంది. బాకీ తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగివ్వాలి, లేకపోతే రోజుకి 5,000 చొప్పున నీకు కట్టాలి. వేలంలో పోయిన ఇంటికి వచ్చే ధర, నువ్వు నిలబడి బేరమాడి అమ్ముకున్న ధర ఒకటి కావు. అమ్మితే చుట్టాలు ఏమనుకుంటారోనన్న భయం నీకన్నా మీ అమ్మకే ఎక్కువ. ఆవిడతో నేను మాట్లాడతాను.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రా. మొదటి రోజు నుంచీ ఉన్న లోన్ స్టేట్‌మెంట్, శాంక్షన్ లెటర్, కార్డుల మూణ్ణెల్ల బిల్లులు, చిట్టీ పాస్‌బుక్కు తీసుకురా. సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు, అదీ తీయించు. అన్ని అప్పులూ ఒక కాగితం మీద రూపాయల వడ్డీలో వరసగా రాసి, సోమవారం బ్రాంచికి ఇవ్వాల్సిన ఉత్తరం ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ మామయ్య
పంజాగుట్ట