‘ట్వంటీ వన్‌త్’ ఎందుకు కాదు?

ప్రశ్న: మా పాప ఇంగ్లిష్‌లో తేదీ చెప్పమంటే ‘ట్వంటీ వన్‌త్’ అంటోంది. ఎలా దిద్దాలి?

జవాబు: పాప ఆలోచనలో తప్పులేదు. తెలుగులో ‘మొదటి’ తప్ప మిగతావన్నీ ఒకే పద్ధతి: రెండో, ఇరవయ్యో, నూరో. ఇంగ్లిష్‌లో మొదటి మూడూ మొండివి: ఫస్ట్, సెకండ్, థర్డ్. ఇరవై దాటాక అవే తిరిగొస్తాయి: ట్వంటీ ఫస్ట్, థర్టీ సెకండ్. చివరి మాటే మారుతుంది, ముందుది కదలదు. 11, 12, 13 మాత్రం వీటితో కలవవు: ఎలెవెంత్, ట్వెల్ఫ్త్, థర్టీంత్. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సాధనకు గోడ మీది క్యాలెండర్ చాలు. సెకండ్ ఆఫ్ జూన్ తెలంగాణ అవతరణ, ఫిఫ్టీంత్ ఆఫ్ ఆగస్ట్ స్వాతంత్ర్య దినం అని రోజూ పైకి చదివించాలి.

అమెరికా వెళ్లేవారికి ఇంకో మాట: అక్కడ సాధారణంగా నేల మీది అంతస్తే ఫస్ట్ ఫ్లోర్. మన దగ్గర దాని పైది.