మాయ ఒకటా, రెండా?

చి. సౌ. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

స్కానింగులో ఇద్దరు కనిపించారని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. నువ్వెప్పుడో జంట అరటిపండు తిన్నావు, అందుకే కవలలని మీ అత్తగారు అంటున్నారట. ఆవిడ ముచ్చట ఆవిడది, కాదనకు.

ఇకమీదట కనిపించిన ప్రతివాళ్లూ "ఇద్దరూ ఒకేలా ఉంటారా?" అని అడుగుతారు. కాన్పుల వార్డులో ఇన్నేళ్లు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, నువ్వు డాక్టరును అడగాల్సింది అది కాదు. మాయ ఒకటా, రెండా? ఉమ్మనీటి సంచి ఒకటా, రెండా? అది అడుగు. నీ మిగతా నెలలు ఎలా నడుస్తాయన్నది దాన్నిబట్టే ఉంటుంది.

రెండు అండాలు విడుదలై రెండూ ఫలిస్తే ఎవరి మాయ వాళ్లది, ఎవరి సంచి వాళ్లది. ఒకే అండం ఫలించాక రెండుగా చీలితే మాత్రం, ఎప్పుడు చీలిందన్నదే లెక్క. మొదటి మూడు రోజుల్లో చీలితే అక్కడా మాయలు రెండే. అందుకే రెండు మాయలున్నంత మాత్రాన పిల్లలు ఒకేలా ఉండరని చెప్పలేం. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య చీలితే మాయ ఒకటి, సంచులు రెండు. ఒకే అండం కవలల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. ఇంకా ఆలస్యమైతే ఇద్దరూ ఒకే సంచిలో ఉంటారు, బొడ్డుతాళ్లు మెలిపడతాయి. ఇది చాలా అరుదు. అలాంటివాళ్లకు 32, 34 వారాల మధ్యే ఆపరేషన్ చేసి బిడ్డల్ని తీస్తారు.

మాయ ఒకటే అయినప్పుడు దానిలోని రక్తనాళాలు ఇద్దరినీ కలుపుతాయి. ఒకే కాలువ కింద రెండు మళ్లున్నట్టు, ఒక్కోసారి ఒకరికి ఎక్కువ పారి రెండోవారికి తక్కువవుతుంది. నూటికి పది, పదిహేను మందిలో ఇలా జరుగుతుంది. ఒకరి చుట్టూ ఉమ్మనీరు పొంగిపోతుంది, మరొకరికి ఎండిపోతుంది. వేళకు కనిపెడితే లేజరుతో ఆ నాళాలను మూసేస్తారు. పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగు చేసేది ఇందుకే. ఖర్చని, దూరమని మానొద్దు. మధ్యలో కడుపు ఉన్నట్టుండి బిగుసుకుని పెరిగినా, ఆయాసం వచ్చినా మళ్లీ స్కాన్ తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లు.

మాయలు రెండైతే నాలుగు వారాలకోసారి స్కాన్ చాలు. అంతా బాగుంటే 37 వారాల దగ్గర కాన్పు చేస్తారు. ఒకే మాయ, రెండు సంచులకైతే 36. బీపీ, రక్తహీనత భయం ఎవరికైనా ఉన్నదే కాబట్టి ఐరన్ మాత్రలు మానకు. ముగ్గురికి సరిపడా తినమని ఎవరైనా పళ్లెం నింపితే నవ్వి ఊరుకో.

మాయ ఒకటా, రెండా అన్న తేడా పద్నాలుగో వారం లోపే తేటగా కనిపిస్తుంది. సంచుల మధ్య పొర మాయను కలిసేచోట గ్రీకు లాంబ్డా ఆకారముంటే మాయలు రెండు, టీ అక్షరంలా ఉంటే ఒకటి. తర్వాత తర్వాత రెండు మాయలూ అతుక్కుని ఒకటే అనిపించొచ్చు. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల, ఒకరు మగపిల్లాడైతే అనుమానమే ఉండదు గానీ, మన దేశంలో అది చెప్పకూడదు కదా. కాబట్టి పన్నెండో వారం స్కాన్ తప్పించకు. రిపోర్టులో డీసీడీఏ (మాయలు రెండు, సంచులు రెండు) అనో, ఎంసీడీఏ (మాయ ఒకటి, సంచులు రెండు) అనో రాసి ఉండాలి. రాయకపోతే రాయించుకున్నాకే గదిలోంచి బయటకు రా. మొహమాటపడకు. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు.

నీ పెద్దమ్మ