ఇమ్యునోథెరపీకి సాయం అడిగినప్పుడు దాత తెలుసుకోవలసినవి

"నాలుగో దశ క్యాన్సర్ అన్నారు. ఇమ్యునోథెరపీ అనే కొత్త మందు ఉందట. లక్షల్లో ఖర్చవుతుందట. సాయం చేయండి." వైద్య సహాయం కోరుతూ వచ్చే ఇలాంటి అర్జీని చదివినప్పుడు దాత మనసు కరుగుతుంది. వెంటనే రెండు సందేహాలు కూడా వస్తాయి. ఆ మందు నిజంగా పనిచేస్తుందా? అంత ఖర్చు తప్పదా? ఈ రెండింటి గురించీ ఆలోచించడానికి ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు చేసిన ఒక ప్రయోగం మనకు మంచి పాఠం.

ఇమ్యునోథెరపీ అంటే ఏమిటి?

మన రక్తంలో టి-కణాలనే తెల్లరక్తకణాలు కాపలా కాస్తుంటాయి. రోగకారక క్రిములనూ చెడిపోయిన కణాలనూ గుర్తించి చంపడం వాటి పని. అవి అదుపు తప్పి మన సొంత అవయవాల మీద పడకుండా వాటికి కొన్ని బ్రేకులు ఉంటాయి. అలాంటి ఒక బ్రేకు పేరు పి.డి.-1. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం 1992లో దీన్ని కనుగొంది. క్యాన్సర్ కణాలు ఈ బ్రేకును నొక్కి టి-కణాల నుంచి తప్పించుకుంటాయి. సి.టి.ఎల్.ఎ.-4 అనే మరో బ్రేకును విడిపిస్తే కణితులు తగ్గుతాయని అమెరికాలో జేమ్స్ ఆలిసన్ ఎలుకల మీద చూపించారు. ఈ ఇద్దరికీ కలిపి 2018లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పి.డి.-1 బ్రేకును విడిపించే మందుల్లో ఒకటి నివోలుమాబ్. కీమోథెరపీ మందులాగా ఇది క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపదు. మన కాపలాదారులకు అడ్డు తొలగిస్తుంది, అంతే. అందుకే దీని దుష్ఫలితాలు కూడా వేరు. బ్రేకు విడిచిన కణాలు ఒక్కోసారి సొంత పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్ మీద పడతాయి. ఈ మందు వాడేవారికి ఆగని విరేచనాలు గాని, ఆయాసం గాని వస్తే మామూలు జబ్బే అనుకోకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి.

మందు వచ్చింది, పేదవాడికి అందలేదు

తల, మెడ భాగాల క్యాన్సర్లు మన దేశంలో ఎక్కువ. పొగాకు, గుట్కా, వక్క అందుకు ముఖ్య కారణాలు. ఒకసారి చికిత్స అయ్యాక తిరగబెట్టిన ఇలాంటి క్యాన్సర్లలో 361 మందిపై నివోలుమాబ్‌ను పరీక్షించిన అంతర్జాతీయ ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. ఏడాది తర్వాత నివోలుమాబ్ తీసుకున్నవారిలో 36 శాతం మంది బతికున్నారు. పాత మందులు తీసుకున్నవారిలో అది దాదాపు 17 శాతమే. కానీ పేద, మధ్యాదాయ దేశాల్లో ఇలాంటి చికిత్సలు నూటికి ఒకరి నుంచి ముగ్గురికే అందుతున్నాయని టాటా వైద్యులు రాశారు.

తక్కువ మోతాదు ప్రయోగం

నివోలుమాబ్ మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. టాటా వైద్యులు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఆరు వారాల లెక్క తీస్తే 720కి బదులు 40, అంటే పద్దెనిమిదో వంతు. ముదిరిన తల, మెడ క్యాన్సర్ ఉన్న 151 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ అనే మూడు మందులు ఇచ్చారు. రెండో జట్టుకు అదనంగా ఈ కొద్దిపాటి నివోలుమాబ్ ఇచ్చారు.

ఫలితాలు 2023లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో అచ్చయ్యాయి. ఏడాదికి బతికున్నవారు మొదటి జట్టులో 16.3 శాతం, రెండో జట్టులో 43.4 శాతం. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా రెండో జట్టులో పెరగలేదు.

ఇది గొప్ప ఊరటే. అయినా రెండు సంగతులు మరవకూడదు. ఒకటి, మందు తీసుకున్న జట్టులో కూడా సగానికి పైగా ఏడాది దాటలేదు. రెండు, తక్కువ మోతాదును ఇందులో పూర్తి మోతాదుతో పోల్చలేదు. కాబట్టి తక్కువ డోసు పూర్తి డోసుతో సమానమని ఈ ఒక్క ప్రయోగం చూపి చెప్పలేం. ఏ రోగికి ఎంత ఇవ్వాలో నిర్ణయించేది వైద్యుడే. దాతలుగా మనం చేయగలిగింది సరైన ప్రశ్న అడగడం.

సాయం చేసేముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఈ మందు ఈ రకం క్యాన్సర్‌కు ఆమోదం పొందిందా, లేక ఇంకా ప్రయోగ దశలో ఉందా?

2. ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదైందా? 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ఎవరైనా అందులో వెతికి చూసుకోవచ్చు.

3. ప్రయోగంలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు ఎందుకు అడుగుతున్నారు? సాధారణంగా ఆ మందును ప్రయోగం జరిపేవారే ఇస్తారు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం పొందే హక్కు రోగికి ఉంది. నమోదు లేకుండా "కొత్త ప్రయోగం" అంటూ లక్షలు అడిగితే అది హెచ్చరికే.

4. అంగీకార పత్రాన్ని రోగికి తెలిసిన భాషలో చదివి వినిపించారా? ఎప్పుడైనా మానుకునే హక్కు ఉందని చెప్పారా?

5. మందు పనిచేసే అవకాశం తెలుసుకోవడానికి కణితి ముక్కపై పి.డి.-ఎల్.1 వంటి పరీక్ష అవసరమా? అవసరమైతే చేశారా?

6. తక్కువ ఖర్చు మార్గం గురించి మరో క్యాన్సర్ నిపుణుణ్ణి అడిగారా? హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉన్నాయి.

మందు పనిచేయదని తేలితే?

ఇమ్యునోథెరపీ ప్రతి రోగికీ పనికిరాదు. పనికిరాదని వైద్యులు చెప్పినప్పుడు ఆ కుటుంబం ఇల్లమ్మి, నగలు తాకట్టు పెట్టి మరో మందు కోసం పరుగెత్తకుండా చూడటం కూడా సాయమే. నొప్పి తగ్గించే మార్ఫిన్ వంటి మందులు, పుండ్లకు కట్లు, ఆసుపత్రికి దారి ఖర్చులు, ఇంట్లో పిల్లల తిండి, చదువు - వీటికి లక్షలు అక్కరలేదు. కానీ ఆ రోజుల్లో ఆ ఇంటికి వీటికి మించిన అవసరం ఉండదు.

కాబట్టి అర్జీ మన ముందుకు వచ్చినప్పుడు "ఎంత ఇద్దాం" అనే లెక్క కంటే ముందు "దేనికి ఇద్దాం" అనే ప్రశ్న వేసుకుందాం. వైద్యుడి కాగితాలు తెప్పించుకుని, పై ఆరు ప్రశ్నలకు జవాబులు రాబట్టి, ఆ తర్వాత మనసారా ఇద్దాం.