గెలుపు చేజారితే కోపం ఎవరి మీద?



దుక్ఖం అనగానే మనకు చావు, జబ్బు, ఆకలి, అవమానం గుర్తుకొస్తాయి. అవి పెద్ద దుక్ఖాలే. అయితే బుద్ధుడు చూపించిన కార్యకారణ సూత్రం చిన్న చిన్న బాధల్లో కూడా అలాగే పనిచేస్తుంది. చిన్నవాటిలోనే దాన్ని తేటగా చూడొచ్చు. అందుకే ఈ పాఠానికి ఒక ఆటను తీసుకుందాం. ఆడినవాళ్ల బాధ కాదు, చూసినవాళ్ల బాధ. బంతి ముట్టకుండా, బ్యాట్ పట్టకుండా, జట్టు ఓడితే రాత్రంతా నిద్రపట్టని అభిమాని బాధ.

ఆట పేరు బేస్‌బాల్. మనకు క్రికెట్ ఎట్లాగో అమెరికా వాళ్లకు అది అట్లాగ. బంతి వేసేవాణ్ణి పిచ్చర్ అంటారు. కొట్టినవాడు మూడు బేస్‌లు దాటి, బయల్దేరిన చోటికి తిరిగి చేరితే ఒక రన్. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది. ఒక్కో జట్టుకు అలాంటివి తొమ్మిది వంతులు. అప్పటికీ సమానంగా ఉంటే అదనపు ఇన్నింగ్స్ ఆడతారు. ఇంత సేపటికి ఆట ముగియాలన్న గడువు లేదు. కాబట్టి ఎంత ముందంజలో ఉన్నా, చివరి ఔట్ పడేదాకా గెలిచినట్టు కాదు.

ఇంకొక్క ఔట్

బోస్టన్ నగరానికి రెడ్ సాక్స్ అనే జట్టు ఉంది. 1918 తర్వాత అది ఛాంపియన్ కాలేదు. 1986లో న్యూయార్క్ మెట్స్‌తో వరల్డ్ సిరీస్ ఆడింది. ఏడు మ్యాచ్‌లలో నాలుగు గెలిచినవాళ్లదే టైటిల్. బోస్టన్ అప్పటికే మూడు గెలిచింది. అక్టోబర్ 25న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఆరో మ్యాచ్. పదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ రెండు రన్లు చేసి 5-3తో ముందుకు పోయింది. మెట్స్ వంతులో మొదటి ఇద్దరూ ఔట్. ఇంకొక్క ఔట్ పడితే 68 ఏళ్ల ఎదురుచూపు తీరిపోతుంది. బోస్టన్ ఆటగాళ్ల గదిలో షాంపేన్ సీసాలు సిద్ధం చేశారు. స్టేడియం స్కోర్‌బోర్డు మీద బోస్టన్‌కు అభినందనలు కూడా ఒక్క క్షణం మెరిశాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ తర్వాత మెట్స్ వాళ్లు వరసగా ముగ్గురు బంతిని కొట్టి బేస్‌లు చేరారు. 5-4. బోస్టన్ పిచ్చర్‌ను మార్చింది. కొత్త పిచ్చర్ వేసిన బంతి ఒకటి గతి తప్పింది, ఇంకో రన్ వచ్చింది. 5-5. అప్పుడు మొదటి బేస్ వైపు నేల మీద దొర్లుకుంటూ ఒక మామూలు బంతి వచ్చింది. అక్కడ నిలబడ్డ బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి అది వెనక్కి పోయింది. 6-5. మ్యాచ్ పోయింది. రెండు రోజుల తర్వాత ఏడో మ్యాచ్‌లో కూడా బోస్టన్ 3-0తో ముందుండి, 8-5తో ఓడింది.

రెండు బాణాలు

సంయుత్త నికాయంలో రెండు బాణాల బోధ ఉంది. శరీరానికి తగిలిన నొప్పి మొదటి బాణం. దాని మీద ఏడ్చి, కుమిలి, మనసుకు మనమే గుచ్చుకునేది రెండో బాణం. ధమ్మం తెలిసినవాడికి మొదటిది తగులుతుంది, రెండోది తగలదు.

బోస్టన్ అభిమానికి మొదటి బాణం తగలడం సహజం. ఇష్టపడ్డ జట్టు ఓడితే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. దాన్ని ధమ్మం తప్పుపట్టదు. రెండో బాణం ఎక్కడ పుట్టిందో చూడండి. కన్ను స్కోర్‌ను చూసింది, అది ఫస్స. సంతోషం కలిగింది, అది వేదన. ఈ సంతోషం నాకు కావాలి అనుకోవడం తణ్హా. "గెలిచేశాం, ఇక ఇది మనదే" అని పట్టుకోవడం ఉపాదానం. నిజానికి 5-3 అనేది ఆ నిమిషానికి ఉన్న స్థితి మాత్రమే. అభిమాని దాన్ని ఆస్తి అనుకున్నాడు. చేజారింది గెలుపు కాదు, గెలిచామన్న ఊహ. లేని ఆస్తి పోయిందని ఏడవడం కన్నా పెద్ద బాధ ఏముంటుంది?

ఇంకో సంగతి గమనించారా? గెలిస్తే "మనం గెలిచాం" అంటాం. ఓడితే "వాళ్లు ఓడగొట్టారు" అంటాం. ‘నేను’ అనేది ఎంత అవకాశవాదో ఈ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది.

నింద ఒక్కడి నెత్తిన

ఓటమి తర్వాత కోపానికి ఒక మనిషి కావాలి. బోస్టన్‌కు బక్నర్ దొరికాడు. ఏళ్ల తరబడి ఆయన్ని తిట్టారు, ఎగతాళి చేశారు. ఆ బంతి జారిన దృశ్యాన్ని టీవీల్లో మళ్లీ మళ్లీ వేశారు. చివరికి ఆయన కుటుంబంతో ఎక్కడో దూరాన ఐడహో రాష్ట్రానికి వెళ్లి స్థిరపడ్డాడు.

ఇప్పుడు పటిచ్చసముప్పాదం పెట్టి లెక్క చూద్దాం. బంతి ఆయన దగ్గరికి వచ్చేసరికే స్కోర్ సమమైపోయింది. ముగ్గురు కొట్టింది ఆయన బౌలింగ్‌లో కాదు. గతి తప్పిన బంతి ఆయన వేసింది కాదు. ఆయన చీలమండలు దెబ్బతిని ఉన్నాయి. ఆ సిరీస్‌లో అంతకు ముందు గెలిచిన మ్యాచ్‌లలో, చివర్లో ఆయన బదులు ఇంకొకర్ని నిలబెట్టిన మేనేజర్, ఆ రాత్రి మాత్రం మార్చలేదు. పైగా ఏడో మ్యాచ్ మిగిలే ఉంది. ఇన్ని కారణాల్లో ఒక్కటి పట్టుకుని, ఒక్క మనిషి పేరు పెట్టారు. ఆయన తన ఆట జీవితంలో కొట్టిన 2,715 హిట్లు ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి.

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదని పెద్దలు ఊరికే అనలేదు. ఊళ్లో పశువు చచ్చినా, పిల్లాడికి జ్వరమొచ్చినా, ఎవరో దిక్కులేనివాళ్ల మీద చేతబడి నింద వేసి కొట్టిన సంగతులు మనకు తెలుసు. నింద మోసినవాళ్ల పిల్లలం మనం. అలాంటి మనం ఒక ఆటగాడి మీద, ఒక మనిషి మీద అదే పని చేయొచ్చా?

శాపం అనే సాకు

బోస్టన్ వాళ్లకు ఇంకో సాకు కూడా ఉండేది. 1919 చివర్లో బేబ్ రూత్ అనే గొప్ప ఆటగాణ్ణి ఆ జట్టు యజమాని న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. ఆ శాపమే తగిలిందని చెప్పుకునేవాళ్లు. 1986 ఓటమితో ఆ మాట ఇంకా బలపడింది.

శాపం మాట పక్కన పెట్టి, మనుషులు చేసిన పనులు చూడండి. 1945 ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్‌తో పాటు మరో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లను బోస్టన్ తన మైదానానికి పిలిచి పరీక్షించింది. ఒక్కర్నీ తీసుకోలేదు. రెండేళ్లకు, 1947లో, రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగి చరిత్ర సృష్టించాడు. 1955లో ఆ జట్టు ఛాంపియన్ అయింది. బోస్టన్ మాత్రం 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాణ్ణి కూడా బరిలోకి దించలేదు. పెద్ద లీగుల జట్లలో అందరికంటే చివర తలుపు తెరిచింది అదే.

1986లో బంతి జారడానికి ఈ వివక్షే కారణమని చెప్పడం లేదు. అది కూడా ఒక్క కారణాన్ని పట్టుకోవడమే అవుతుంది. కానీ ప్రతిభను రంగు చూసి వెళ్లగొట్టిన జట్టు, ఓడిపోయిన ఏళ్లకు శాపాన్ని కారణంగా చెప్పుకుంటే లాభం ఎవరికి? తలుపు మూసినవాళ్లకే. బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో అతీత శక్తుల మీద నమ్మకాన్ని అధమ్మంగా లెక్కించింది ఇందుకే అనిపిస్తుంది. శాపం అన్నామంటే మనిషి చేసిన పని కప్పబడిపోతుంది.

ఓడిన రాత్రే క్షమించాలి

2004లో బోస్టన్ యాంకీస్‌తో ఏడు మ్యాచ్‌ల పోటీలో మొదటి మూడూ ఓడింది. నాలుగో దానిలో కూడా చివరి ఇన్నింగ్స్‌కు ఒక రన్ వెనకబడి ఉంది. అక్కణ్ణుంచి వరసగా నాలుగూ గెలిచింది. అమెరికా పెద్ద లీగుల బేస్‌బాల్‌లో అంతకుముందు ఏ జట్టూ అట్లా తేరుకోలేదు. ఈసారి నిద్రపట్టనిది న్యూయార్క్ అభిమానులకు. ఆ తర్వాత వరల్డ్ సిరీస్ కూడా బోస్టన్‌దే. ఎవరూ శాంతి హోమం చేయలేదు. ఆడారు, గెలిచారు. అనిచ్చ అంటే ఇదే. ఓటమీ నిలవదు, గెలుపూ నిలవదు.

2008 ఏప్రిల్ 8న బోస్టన్ మైదానంలో మొదటి బంతి వేయడానికి బక్నర్‌ను పిలిచారు. జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మంచిదే. కానీ ఆ చప్పట్లు రెండు టైటిళ్లు గెలిచాక వచ్చాయి. కడుపు నిండాక క్షమించడం సులువు. ఓడిన రాత్రే క్షమించగలిగితే అది మైత్రి, అది సాధన.

ఈ వారం అభ్యాసం

మన ఇళ్లలో టీవీ ముందు కూర్చుని క్రికెట్ చూసేవాళ్లున్నారు. ఈసారి మ్యాచ్ చేజారితే ఇవి చేసి చూడండి.

1. రిమోట్ విసిరేముందు, ఇంట్లోవాళ్ల మీద అరిచేముందు, పది శ్వాసలు గమనించండి. "ఇది కోపం" అని మనసులో పేరు పెట్టండి.

2. ఆ రాత్రి ఏ ఆటగాణ్ణీ, వాళ్ల తల్లినీ, వాళ్ల కులాన్నీ, మతాన్నీ తిట్టకండి. ఫోన్‌లో కూడా రాయకండి. అది సమ్మావాచా.

3. ఓటమికి కనీసం అయిదు కారణాలు లెక్కపెట్టండి. అయిదు దొరికేసరికి ఒక్కడి మీద కోపం తగ్గిపోతుంది.

4. మ్యాచ్ మీద పందెం కాయకండి. ఓడిన బాధను మందులో ముంచకండి. పంచశీల తీసుకున్నది ఇలాంటి రాత్రుల కోసమే.

ఆదివారం విహారంలో కలిసినప్పుడు ఈ ప్రశ్న చర్చించండి: మన ఇంట్లో, మన సంఘంలో, మన ఉద్యమంలో ఏదైనా చెడిపోయినప్పుడు, అన్ని కారణాలూ చూస్తున్నామా, లేక మనమూ ఒక బక్నర్‌ను వెతుక్కుంటున్నామా?

నమో బుద్ధాయ! జై భీమ్!