ఆన్‌లైన్ చదువు – ఏరి కూర్చే విద్య

కళ్ళంలో కుప్ప వేసినంత మాత్రాన గింజలు గాదె చేరవు. నూర్చాలి, తూర్పార పట్టాలి. నేటి ఆన్‌లైన్ చదువు సంగతీ అంతే. వాట్సాప్ గ్రూపులో నోట్సులు, వీడియోలు కుప్పలుగా వచ్చి పడతాయి. తీరా పరీక్ష ముందు రోజు వెతికితే కావలసింది కనపడదు!

ఈ చిక్కుకు ఒక దారి 2008లోనే చూపించారు. ఆ ఏడాది కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం తరఫున జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సు నడిపారు. రుసుము కట్టి చేరినవారు సుమారు 25 మంది, ఉచితంగా చేరినవారు 2,200 మంది దాకా. ఎవరికి వీలైన చోట వారు రాసుకొని, ‘సీసీకే08’ అనే గుర్తు తగిలించేవారు. ఆ గుర్తున్న రాతలను డౌన్స్ తయారు చేసిన ప్రోగ్రాం పోగుచేసి, రోజూ ఒక లేఖగా అందరికీ పంపేది. ‘మూక్’ అనే మాట పుట్టింది ఈ కోర్సు సందర్భంలోనే.

మన దేశంలో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. 2017లో ‘స్వయం’ వచ్చింది. పాఠాలకు కొరత లేదు. కొరతల్లా వాటిని ఏరి కూర్చేవారికే.

ఏరి కూర్చడమంటే వచ్చినదాన్ని వచ్చినట్టు ఫార్వర్డ్ చేయడం కాదు. ఇందులో నాలుగు మెట్లున్నాయి: ఎంచడం, సరిచూడడం, వివరం రాయడం, వరుస పెట్టడం. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియ తీసుకుందాం. కాల్విన్ వలయంలో ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు స్థిరపడడానికి 3 ఏటీపీ, 2 ఎన్ఏడీపీహెచ్ కావాలి. గ్రూపులో వచ్చిన నోట్సులో ఈ అంకెలు తారుమారైతే? పాఠ్యపుస్తకంతో సరిచూసినవాడే పట్టుకోగలడు. ఆపైన లింకు పక్కన “ఇది ఎందుకు చూడాలి, ఎన్నో నిమిషం నుంచి చూడాలి” అని రెండు వాక్యాలు రాయాలి. ఆ రెండు వాక్యాలు రాయాలంటే ముందు తనకు అర్థం కావాలి కదా! అసలు చదువు అక్కడే ఉంది.

పనిముట్లు చాలా ఉన్నాయి. వేక్‌లెట్, జొటేరో సరే, అందరూ చూడగల ఒక గూగుల్ షీట్ అయినా చాలు. అయితే ఏ పనిముట్టూ శాశ్వతం కాదు. గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. కనుక ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

మరో సంగతి. వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరి కంటా పడుతుంది. అందుకే కొందరు అమ్మాయిలు చేరడానికి వెనకాడతారు. స్మార్ట్ ఫోన్ లేనివారూ మన మధ్య ఉన్నారు. నంబరు అడగని షీటు ఒకటి, లైబ్రరీలో అచ్చు ప్రతి ఒకటి ఉంటే ఎవరూ వెనకబడరు.

యూనిట్‌కు అయిదుగురు చొప్పున పూనుకుంటే ఏడాది తిరిగేసరికి మన తర్వాతివారికి తూర్పార పట్టిన గింజలు అందుతాయి. మిత్రులారా, ఈ పని మన యూనియనే ఎందుకు మొదలుపెట్టకూడదు?