నీలి వాండా – కడప ఎండ

చెట్టుకొమ్మలపై పెరుగుతూ గాలిలోనికి వేళ్ళు సాచి జీవించే మొక్కలను చూడగానే బదనికలుగా భావించడం పరిపాటి. ఆశ్రయమిచ్చిన చెట్టు రసాన్ని పీల్చే నిజమైన బదనికలు వేరు. కొమ్మను కేవలం ఆధారంగా చేసుకొని వాననీటినీ గాలిలోని తేమనూ గ్రహించే ఆర్కిడ్లు వేరు. అమరకోశం ‘వందా’ అనే మొక్కకు వృక్షాదని, వృక్షరుహ అనే పర్యాయపదాలను చెప్పింది. మొదటిదానికి చెట్టును తినేదని, రెండవదానికి చెట్టుపై మొలిచేదని అర్థం. ఆర్కిడ్ల విషయంలో మొదటిది అపవాదు, రెండవది యథార్థం. ఆ సంస్కృత పదమే ‘వాండా’గా మారి ఒక ఆర్కిడ్ ప్రజాతికి శాస్త్రీయ నామమైంది.

ఈ ప్రజాతి తెలుగునేలకు కొత్తది కాదు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు వృక్షాలను గురించి 1795లో వెలువరించిన గ్రంథంలో గళ్ళగళ్ళ పూల వాండాను వర్ణించాడు. అది మైదానాల వేడికి అలవాటుపడిన మొక్క. దాని సోదరి అయిన నీలి వాండా స్వభావం వేరు. ఖాసీ కొండలు దాని పుట్టినిల్లు. ఆర్కిడ్లలో నీలివర్ణం అరుదు. ఆ అందమే దాని ప్రాణానికి ముప్పు తెచ్చింది.

1850లో జోసెఫ్ డాల్టన్ హుకర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో ఈ మొక్కలను ఏడుగురు మనుషులు మోసేటంత సేకరించి ఇంగ్లండులోని క్యూ ఉద్యానం కొరకు పంపాడు. ప్రాణాలతో చేరినవి కొద్ది మాత్రమే. మరొకరు పంపిన ఒక్క మనిషి మోత మొక్కలు వాడిపోయిన స్థితిలో చేరినా 300 పౌన్లకు అమ్ముడుపోయాయి! భారతదేశపు మొక్క కనుక వేడి కోరుతుందని తలచి, అక్కడివారు దానిని ఉక్కపోసే గాజుగదులలో ఉంచారు. హుకర్ 1854లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఈ పద్ధతిని తప్పుపట్టాడు. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున, ఆకులు పలచగా ఉన్న చిన్న చెట్ల కొమ్మలపై, ఎండకూ వానకూ గాలికీ ఎదురొడ్డి అది పెరుగుతుందని, పూలకాలంలో అక్కడి వేడిమి సుమారు 16 నుండి 27 డిగ్రీల సెల్సియస్ వరకే ఉంటుందని, చలికాలంలో నేలపై మంచు గడ్డకడుతుందని ఆయన వ్రాశాడు.

ఇట్టి మొక్కను ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో ఇంట పెంచదలచినవారికి ఆ వర్ణన ఏ తోటపని పుస్తకానికీ తీసిపోని మార్గదర్శి. అది కోరే వెలుగూ గాలీ ఇక్కడ పుష్కలం. చల్లని రాత్రి మాత్రం కరువు. వాండాలు ఎడారి మొక్కల వలె పగలు పత్రరంధ్రాలను మూసుకొని రాత్రి తెరుస్తాయి. రాత్రివేళ గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లరూపంలో దాచుకొని, పగటి వెలుగులో ఆహారంగా మార్చుకుంటాయి. రాత్రి వేడిగా ఉంటే శ్వాసక్రియ తీవ్రమై, కూడబెట్టిన ఆహారం ఖర్చైపోతుంది. మొక్క ఒక్కనాటితో చావదు. ఆదాయానికి మించిన వ్యయంతో నెలల తరబడి చిక్కిపోతుంది. పగటి ఎండకు పందిరి వేసి నిశ్చింతగా ఉండేవారు ఈ సంగతినే మరచిపోతారు.

కడప సీమ ఇండ్లలో వాడే నాపరాళ్ళు పగలంతా వేడిని పీల్చుకొని రాత్రి విడుస్తాయి. కనుక మొక్కను బండల గోడకు ఆనించక, మిద్దెపై ఉంచక, ఉదయపు ఎండ తగిలే తూర్పు వసారాలో చెక్కబుట్టలో వ్రేలాడదీయాలి. మట్టి అవసరం లేదు. మట్టిలో వేళ్ళు కుళ్ళిపోతాయి. వేసవి సాయంత్రాలలో మొక్క చుట్టూ తడి గోనెపట్టాలు కట్టితే కూజాలోని నీరు చల్లబడినట్లే గాలి చల్లబడుతుంది. ఈ విషయంలో రాయలసీమ పొడిగాలి మేలే చేస్తుంది. తీరప్రాంతపు తేమగాలిలో ఈ ఉపాయం ఇంతగా పనిచేయదు. సున్నపురాతి నేలలలోని బోరునీటి లవణాలు వేళ్ళకు హాని చేస్తాయి గనుక వాననీటిని నిలువచేసుకోవడం ఉత్తమం. ఇంత చేసినా, మే నెల రాత్రులను దాటించడమే కష్టం. పూలు పూయడం ఆ తరువాతి మాట.

మొక్కను ఎక్కడినుండి తేవాలన్నది మరింత గంభీరమైన విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో జరిగిన సవరణ ఆరు రకాల మొక్కలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. వాటిలో నీలి వాండా ఒకటి. శేషాచలం కొండలలో మాత్రమే సహజంగా పెరిగే బెడ్డోమ్ సైకస్ మరొకటి. కడప సీమ కొండలకూ ఖాసీ కొండలకూ చట్టం కలిపిన చుట్టరికమిది. అడవి మొక్కను పెరికి తేవడం నేరం. పెంచడానికి సైతం అనుమతి కావాలి. ధూళివంటి ఆర్కిడ్ విత్తనం తనలో ఆహారం లేనందున అడవిలో శిలీంధ్రాల తోడ్పాటుతోనే మొలకెత్తుతుంది. 1922లో నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు చక్కెర కలిపిన పోషక మాధ్యమంలో, శిలీంధ్రం లేకుండానే విత్తనాలను మొలిపించాడు. దానితో అడవిని దోచుకోకుండా సీసాలలోనే వేలకొలది మొక్కలను పెంచే వీలు కలిగింది. 1931లో నీలి వాండాకూ ఫిలిప్పీన్స్ దేశపు వెచ్చని ప్రాంతాల వాండాకూ పుట్టిన సంకరం నమోదైంది. తల్లిదండ్రులలో ఒకరి నీలిరంగునూ, మరొకరి వేడిని ఓర్చే గుణాన్నీ పుణికిపుచ్చుకొన్న అట్టి సంకరాలతో ప్రారంభించడమే కడప వాసులకు వివేకవంతమైన దారి.

ఎండినప్పుడు వెండివలె తెల్లగానూ, తడిసినప్పుడు ఆకుపచ్చగానూ కనిపించే వేళ్ళు మొక్క దాహాన్ని తెలుపుతాయి. వేసవి గడిచి తొలకరి పడిన తరువాత వేరు కొన నిగనిగలాడుతూ సాగితే, మొక్క ఆ ఏటి గండం దాటినట్లే.